పొయ్యి వెలిగించకముందే మొదలయ్యే పని: చిన్న వ్యాపారంలో మార్కెటింగ్‌కి చోటివ్వడం ఎలా

"మీ వ్యాపారంలో మార్కెటింగ్ ఎవరు చూస్తున్నారండీ?" అని మా కోనసీమ వైపు ఎవర్నడిగినా దాదాపు ఒకటే జవాబు. "మా అబ్బాయి ఫోన్లో ఫొటోలు పెడుతుంటాడండీ." ఇంకొందరు హైవే పక్కన పెట్టిన ఫ్లెక్సీ చూపిస్తారు. ఫొటోలూ కావాలి, ఫ్లెక్సీ కూడా కావాలి. కానీ అవి చివర్లో వచ్చే పనులు. వాటికి ముందు చేయాల్సింది చాలా ఉంది. అది ఎవరి చేతిలోనూ లేకపోవడం వల్లే మంచి సరుకు చేసేవాళ్ళు కూడా పండగంతా ఒళ్ళు హూనం చేసుకుని, తీరా లెక్క చూసుకుంటే చేతిలో ఏమీ మిగల్లేదని డీలా పడిపోతున్నారు.

మాది పూతరేకుల ఇల్లు. ఆత్రేయపురానికి దగ్గర్లోనే. వంటిల్లు మా వదిన చూస్తుంది. నెయ్యి, బియ్యం, పంచదార కొని తెచ్చేది అన్నయ్య. ఆర్డర్లు, లెక్కలు నావి. కొన్నేళ్ళ కిందట ఒక సంక్రాంతికి మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఇక్కడ రాస్తున్నదంతా ఆ నాలుగు రోజుల్లో నెత్తి మీద పడి నేర్చుకున్నదే.

ఆ ఏడు నేను ఫోన్ పట్టుకుని ఆర్డర్లు తీసుకుంటూనే పోయాను. ఎవరడిగినా "ఉంటాయండీ, పంపించేస్తాం" అన్నాను. రేకులు తీసే నలుగురిలో ఇద్దరు పండక్కి పుట్టిళ్ళకి వెళ్తున్నారని వదినకి వారం ముందే తెలుసు. నాకు తెలీదు. ఆర్డర్లు కిందటేడు కంటే బాగా ఎక్కువొచ్చాయని నాకు తెలుసు. వదినకి తెలీదు. అన్నయ్య ఎప్పటిలాగే అంతే నెయ్యి తెచ్చాడు. భోగికి రెండ్రోజుల ముందు చూసుకుంటే 40 పెట్టెలు తక్కువ. రాత్రంతా కూర్చుని చుట్టాం. ఆ తొందరలో రేకుని సరిగ్గా తడి చేయలేదు, పెట్టెలో సర్దడం కూడా ఎలా పడితే అలా సర్దేశాం. పార్సిల్లో వెళ్ళినవి సగం పొడైపోయి చేరాయి. ఒకావిడ ఫోన్ చేసింది. కోప్పడలేదు. "మా అమ్మాయి అత్తారింటికి పంపించాను బాబూ, వాళ్ళు పెట్టె తెరిస్తే పొడి ఉందట" అంది. నాలుగు తిట్టినా అంత బాధ అనిపించేది కాదు.

ముగ్గురం ఒకే కప్పు కింద ఉన్నాం. ఒక్కరూ పని ఎగ్గొట్టలేదు. కొనేవాళ్ళ మాట వంటింటికి చేరలేదు, వంటింటి సంగతి కొనేవాళ్ళకి చేరలేదు, అంతే. ఆ రెండు వైపులా మాట మోసే పనికే మార్కెటింగ్ అని పేరు. ఆ పనిని మీ వ్యాపారంలో ఎలా కూర్చోబెట్టాలో ఒక్కొక్కటిగా చెప్తాను. పూతరేకులే కాదు, పచ్చళ్ళు, కాజాలు, లేసు, కొబ్బరి పీచు, మొక్కలు, ఏ వ్యాపారమైనా పద్ధతి ఇదే.

ముందు ఒక తెల్లకాగితం తీయండి

రాత్రి భోజనాలయ్యాక వ్యాపారంలో చెయ్యి పెట్టేవాళ్ళందర్నీ కూర్చోబెట్టండి. ఒక కాగితం మీద జరిగే పనులన్నీ రాయండి: సరుకు కొనడం, తయారీ, ప్యాకింగ్, పంపించడం, డబ్బు సర్దుబాటు, లెక్కలు, పనివాళ్ళని చూసుకోవడం, అమ్మడం. ప్రతి పనికి ఎదురుగా ఎవరు చేస్తున్నారో, రోజులో ఏ వేళప్పుడు చేస్తున్నారో రాయండి. పేరు ఉండి వేళ లేకపోతే ఆ పని తీరికున్నప్పుడు మాత్రమే జరుగుతోందన్నమాట.

ఇలా పనుల్ని విడదీసి చూడటం కొత్తేమీ కాదు. ఫ్రాన్స్‌లో గనుల కంపెనీ నడిపిన హెన్రీ ఫేయోల్ 1916లోనే వ్యాపారంలోని పనుల్ని ఆరు గుంపులుగా చెప్పాడు. తయారీ, కొనడం-అమ్మడం, డబ్బు సమకూర్చుకోవడం, ఆస్తినీ మనుషుల్నీ కాపాడుకోవడం, లెక్కలు, వీటన్నిటినీ నడిపించడం. బొగ్గు గని అయినా, కుండ మీద రేకు తీసే ఇల్లయినా ఆ ఆరూ ఉంటాయి. పెద్ద కంపెనీలో ఒక్కో పనికి ఒక్కో అంతస్తు ఉంటుంది, మనింట్లో ఒక్కో మనిషికి మూడేసి పనులుంటాయి.

ఇప్పుడు అదే కాగితం కింద ఈ ప్రశ్నలు రాయండి. ఎవరి కోసం చేస్తున్నాం? వాళ్ళకి ఏం కావాలి? ఎంతకి ఇస్తే వాళ్ళకీ మనకీ గిట్టుబాటు అవుతుంది? వాళ్ళకి ఎక్కడ దొరకాలి? మన సంగతి వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చారా? వీటికీ పేరూ వేళా రాయమంటే అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. మా ఇంట్లోనూ అదే అయింది. "మన సంగతి ఎలా తెలుస్తుంది" అనేదానికి మాత్రం నా పేరుంది. మిగతా అన్నీ ఖాళీ.

అమెరికాలో జెరోమ్ మెకార్తీ అనే ప్రొఫెసరు 1960లో మార్కెటింగ్‌ని నాలుగు ముక్కల్లో పెట్టాడు: సరుకు, ధర, చోటు, ప్రచారం. కాలేజీ పిల్లలు ఇప్పటికీ అదే చదువుతున్నారు. మనం ఫోన్లో పెట్టే ఫొటోలు ఆ నాలుగింటిలో చివరిది ఒక్కటే. మొదటి మూడూ చూడండి. సరుకు ఎలా ఉండాలో వంటింటిని కాదని తేల్చలేం. ధర తేల్చాలంటే లెక్కల పుస్తకం తెరవాలి. ఎక్కడ దొరకాలో చెప్పాలంటే పంపించే మనిషి ఒప్పుకోవాలి. అందుకే మార్కెటింగ్‌ని ఒక మూల గదిలో పెట్టి తలుపేస్తే అది పని చేయదు.

అమ్మకానికీ దీనికీ తేడా తెలియాలంటే ఒక్కసారి కడియం, కడియపులంక నర్సరీల వైపు వెళ్ళి రండి. రోడ్డు పక్కన పెద్ద పెద్ద సంచుల్లో నిలబెట్టిన చెట్లు ఊళ్ళకి ఊళ్ళు తరలిపోతుంటాయి. మనిషెత్తు చెట్టు నిన్న నాటింది కాదు, ఏళ్ళ తరబడి పెంచింది. అంటే రెండు మూడేళ్ళ తర్వాత ఊళ్ళల్లో కట్టే కాలనీలకి, వేసే రోడ్లకి ఏ మొక్క అడుగుతారో ఆ నర్సరీ రైతు ముందే ఊహించుకుని సంచిలో మట్టి నింపాలి. మొక్క పెరిగాక బేరమాడటం అమ్మకం. ఏ మొక్క పెంచాలో మట్టి నింపకముందు తేల్చుకోవడం మార్కెటింగ్.

రెండు వారాలు కౌంటర్ దగ్గర కూర్చోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, అందరూ వదిలేసే పని కూడా. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. వచ్చిన ప్రతి మనిషినీ, ఫోన్ చేసిన ప్రతి మనిషినీ మాటల్లో మాటగా మూడు సంగతులు అడగండి. ఎవరి కోసమండీ? ఎప్పుడు తింటారు? ఎంత దూరం తీసుకెళ్తారు? ఫారం నింపించుకుంటున్నట్టు అడక్కండి. మన వైపు పలకరింపుకి కొదవేముంది, "ఎవరికండీ, అమ్మాయికా?" అంటే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు. వాళ్ళు వెళ్ళాక ఒక లైను రాసుకోండి. వాళ్ళన్న మాటల్లోనే రాయండి, మీ మాటల్లోకి మార్చకండి.

మేం అలా రాసుకున్నాక తెలిసింది, మా దగ్గర ఒకటే పూతరేకు కొనేది ఒకటే రకం మనుషులు కాదని. శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చేవాళ్ళున్నారు. ఏడు శనివారాల మొక్కు కాబట్టి అదే కుటుంబం ఏడు వారాలు మన ముందు నుంచే వెళ్తుంది. వాళ్ళకి పెద్ద పెట్టె అక్కర్లేదు, ఇంటికెళ్ళేలోపు కారులో తినేయడానికి నాలుగైదు చాలు. కార్తీక మాసంలో పంచారామాల బస్సుల్లో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళకి బస్సు ఆగే పది నిమిషాలే టైము, చిల్లర కోసం కూడా ఆగలేరు. పెళ్ళి సారెకి తీసుకెళ్ళేవాళ్ళకి లెక్క ముఖ్యం, 101 అంటే 101 ఉండాలి. పైన కనిపించే వరస అందంగా ఉండాలి. ఇక నాలుగో రకం, అమెరికా వెళ్ళే బిడ్డల తల్లులు.

వాళ్ళలో ఒకావిడ గురించి చెప్తాను. "ఎన్నాళ్ళుంటాయండీ?" అని అడిగింది. ఇంతకుముందైతే "ఉంటాయండీ, ఏం కాదు" అని పెట్టె చేతికిచ్చేవాణ్ణి. ఆ రోజు నోటుబుక్కు ఉంది కాబట్టి ఎవరికని అడిగాను. శుక్రవారం ఫ్లైటట, కొడుక్కి. అక్కడికి చేరాక పెట్టె తెరిచేది మళ్ళీ శని ఆదివారాలు వస్తేనేనట, ఎందుకంటే స్నేహితులంతా అప్పుడే వస్తారు. అంటే ఆవిడ అడిగింది రోజుల లెక్క కాదు, నా కొడుకు స్నేహితుల ముందు తెరిచేటప్పటికి ఇవి పెళపెళలాడుతూ ఉంటాయా అని. నేను వదినని పిలిచాను. వదిన చూసి, "అయితే ఇవొద్దండీ, గురువారం పొద్దున రండి, అప్పటికప్పుడు పంచదారవి చుట్టిస్తాను, బెల్లంవి అంత దూరం వద్దు" అంది. ఆవిడ గురువారం వచ్చింది. తర్వాత ఆవిడ ద్వారా వాళ్ళ అపార్ట్‌మెంట్ నుంచి ఎంతమంది వచ్చారో నా నోటుబుక్కులో ఉంది.

ఆ ఒక్క లైను వల్ల మా వంటింట్లో రెండు మార్పులొచ్చాయి. విమానం ఎక్కేవాటికి వేరే పెట్టె వచ్చింది, లోపల అట్ట అడ్డాలతో. చుట్టే రోజుని బయల్దేరే రోజుని బట్టి పెట్టుకోవడం మొదలైంది. రెండూ తయారీ పనులే. పుట్టింది మాత్రం కౌంటర్ దగ్గర.

రెండు వారాలయ్యాక నోటుబుక్కు తిరగేసి, మీ కొనుగోలుదారులు ఎన్ని రకాలో తేల్చండి. మూడో నాలుగో ఉంటాయి. వాళ్ళలో మీరు ఎవరికి అందరికంటే బాగా చేయగలరో ఎంచుకోండి. అందరికీ అన్నీ చేద్దామనుకుంటే నాలుగు రకాల పెట్టెలు గదిలో మురుగుతాయి. వద్దనుకున్నవాళ్ళని పక్కూరి దుకాణానికి మర్యాదగా పంపించండి, వాళ్ళూ మీ దగ్గరికి పంపిస్తారు.

వంటింటి గోడ మీద బోర్డు

పూతరేకు ఎలా పుడుతుందో చూసినవాళ్ళకి నేను చెప్పబోయేది వెంటనే తెలుస్తుంది. కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. బియ్యప్పిండిని పాలలా పల్చగా కలిపి, అందులో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు ఆరిపోయి అంచు పైకి లేస్తుంది. ఆ సెగ ముందు మనిషి ఎంతసేపు కూర్చోగలదో అంతే రేకులొస్తాయి. ఎక్కువ డబ్బులిస్తామన్నా కుండ తొందరపడదు. వానాకాలంలో ఆకులు తడిసిపోతాయి, గాలిలో చెమ్మకి రేకు మెత్తబడుతుంది, అప్పుడు ఇంకా తగ్గుతాయి.

కాబట్టి మార్కెటింగ్ చూసే మనిషికి మొదట తెలియాల్సిన అంకె, వంటిల్లు రోజుకి ఎంత చేయగలదు అన్నది. మేం వంటింటి గుమ్మం పక్కన ఒక నల్లబోర్డు పెట్టాం. పైన వదిన రాస్తుంది, ఈ రోజు నుంచి వారం వరకు ఏ రోజుకి ఎన్ని పెట్టెలు వస్తాయో. కింద నేను రాస్తాను, ఏ రోజుకి ఎన్ని ఒప్పుకున్నానో. కింది అంకె పై అంకెకి చేరగానే ఆ రోజుకి ఆర్డర్లు ఆపేయాలి. ఆపేసే అధికారం వదినది, నాది కాదు. ఈ నియమం పెట్టుకోవడానికి మా ఇంట్లో కాస్త గొడవైంది, దాచడం దేనికి. వచ్చిన ఆర్డరు వదులుకోవడమంటే నాకు ప్రాణం మీదకొచ్చినట్టు ఉండేది. కానీ "ఆ రోజుకి అయిపోయాయండీ, పదిహేనో తారీకుకి ఇవ్వగలం" అంటే పదిమందిలో చాలామంది సరేనంటారు. పొడైపోయిన పెట్టె అందుకున్నవాళ్ళు మళ్ళీ ఫోన్ చేయరు.

వారానికోసారి, సోమవారం పొద్దున, అరగంట అందరూ కలిసి కూర్చోండి. కౌంటర్ మనిషి నోటుబుక్కులోంచి ఆ వారం విన్న మాటలు చదవాలి. వంటింటి మనిషి వచ్చే వారం ఎవరు రారో, ఏ సరుకు తక్కువుందో చెప్పాలి. కొనే మనిషి ధరలు చెప్పాలి. అరగంట దాటనివ్వకండి, దాటితే పైవారం ఎవరూ రారు.

లెక్కల పుస్తకం పక్కన కూర్చోండి

ధర ఎలా పెట్టారని అడిగితే "పక్కవాళ్ళు 250 పెట్టారండీ, మేం 240 పెట్టాం" అంటారు. పక్కవాడి ఖర్చు మీకు తెలుసా? ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకి, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

పది పూతరేకుల పెట్టె 250 రూపాయలు అనుకోండి. నెయ్యి, బియ్యం, పంచదార, జీడిపప్పు కలిపి 120. కూలి 40. పెట్టె, కవరు, లేబులు 15. మొత్తం 175. మీ గుమ్మంలో అమ్మితే పెట్టెకి 75 మిగులుతాయి. కరెంటు, అద్దె లాంటివన్నీ అందులోంచే పోవాలి. అదే పెట్టె హైవే దుకాణంలో పెట్టి వాళ్ళకి 20 శాతం ఇస్తే 50 పోయి 25 మిగులుతాయి. ఇప్పుడు పండగ కదా అని పది శాతం తగ్గింపు ప్రకటించారు. ధర 225, అందులో దుకాణం వాటా 45, ఖర్చు 175. మిగిలింది 5 రూపాయలు. అంటే ఇంతకుముందు ఆ దుకాణంలో 100 పెట్టెలమ్మితే వచ్చిన 2,500 ఇప్పుడు రావాలంటే 500 పెట్టెలమ్మాలి. నలుగురు మనుషులు సెగ ముందు కూర్చుని ఐదు రెట్లు రేకులు తీయాలి. పైకి మాత్రం అమ్మకాలు బ్రహ్మాండంగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆఫర్ పెట్టిన కుర్రాడు సంతోషంగా ఉంటాడు, వంటిల్లు అలిసిపోతుంది, లెక్కల మనిషికి నిద్ర పట్టదు.

అందుకే ఏ తగ్గింపైనా, ఏ ప్రకటనైనా లెక్కలు చూసే మనిషి సంతకం లేకుండా బయటికి వెళ్ళకూడదని పెట్టుకోండి. ప్రచారానికి పెట్టే డబ్బుని కూడా పెట్టెకి ఇంత అని ముందే తేల్చుకోండి. ఈ ఉదాహరణలో గుమ్మంలో అమ్మే పెట్టె మీద ఓ ఐదు రూపాయలు, దుకాణంలో పెట్టే పెట్టె మీద సున్నా. దుకాణానికి ఇచ్చే వాటాయే అక్కడి ప్రచారం ఖర్చు.

అరువు సంగతి కూడా ఇక్కడే తేలాలి. ఊళ్ళో దుకాణాలకి సరుకిచ్చి పండగయ్యాక డబ్బు తీసుకోవడం మనకి అలవాటు. కానీ నెయ్యికి డబ్బు ముందే కట్టాలి, కూలి వారం వారం ఇవ్వాలి. అమ్మకం పెంచుదామని నాలుగు కొత్త దుకాణాలకి అరువిచ్చేస్తే నెయ్యికి డబ్బుండదు. కొత్త దుకాణం తెరవాలా వద్దా అనేది మార్కెటింగ్ ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, సగం డబ్బు సర్దుబాటు ప్రశ్న.

కొనే మనిషికి ముందే చెప్పండి

ఇది చిన్న పనే. ఏ నెలలో ఏం ఎక్కువ పోతుందో మీ నోటుబుక్కులో ఉంటుంది కాబట్టి, నెయ్యి, జీడిపప్పు, పెట్టెలు కొనేవాళ్ళకి నెల ముందే ఒక అంకె చెప్పండి. కొబ్బరి లౌజు చేసేవాళ్ళయితే అంబాజీపేట మార్కెట్‌లో వెయ్యి కాయల ధర ఎలా ఊగుతుందో మీకే తెలుసు. ధర దిగినప్పుడు కొనాలంటే ఎంత కావాలో ముందు తెలిసి ఉండాలి.

ఊరి పేరు, మీ పేరు

మన ప్రాంతానికి ఊళ్ళ పేర్లే పెద్ద ఆస్తి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నరసాపురం లేసుకి 2024లో వచ్చింది. ఈ గుర్తింపుని చెన్నైలోని రిజిస్ట్రీ ఇస్తుంది, పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. అది ఏ ఒక్క దుకాణానిదీ కాదు, ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసేవాళ్ళందరిదీ. మీరు చేసేవాళ్ళయితే అధీకృత వాడుకదారుగా మీ పేరు నమోదు చేయించుకోండి. ఎక్కడో మెషీన్ మీద చేసి మన ఊరి పేరు పెట్టేవాళ్ళని అడగాలంటే మన కాగితం సరిగ్గా ఉండాలి.

నరసాపురం లేసు గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న అల్లిక అది. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళు తరాలుగా చిన్న కొక్కెం సూదితో అరుగుల మీద కూర్చుని అల్లుతూనే ఉన్నారు. ఆ లేసు సముద్రాలు దాటి వెళ్ళింది. కానీ అల్లిన మనిషికి కొన్న మనిషి ఎవరో తెలీదు. ఏ డిజైను అడుగుతున్నారు, ఎంతకి అమ్ముతున్నారు అన్నది మధ్యలో ఉన్నవాళ్ళకే తెలుసు. తయారీ మొత్తం ఇక్కడ, కొనేవాళ్ళ గురించిన ఎరుక మొత్తం అక్కడ. కూలి ఎంతో కూడా ఆ ఎరుక ఉన్నవాళ్ళే తేల్చారు. మార్కెటింగ్ పనిని పూర్తిగా ఎవరి చేతికో వదిలేస్తే ఏమవుతుందో మన గోదావరి జిల్లాల్లోనే కనిపిస్తోంది. కాబట్టి మధ్యవర్తి ద్వారా అమ్మినా సరే, పెట్టెలో మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉన్న చీటీ ఒకటి పెట్టండి. కొన్నవాళ్ళలో కొందరైనా మీతో నేరుగా మాట్లాడతారు.

పెట్టె మీద చట్టప్రకారం ఉండాల్సినవి కూడా ఇక్కడే చూసుకోండి. ఆహారం అయితే 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు, వాడిన పదార్థాలు, బరువు, ధర, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో, శాకాహారమైతే పచ్చ చుక్క. దూరం నుంచి కొనేవాళ్ళకి మన మొహం కనిపించదు, ఆ లేబులే మన మొహం.

ఫొటోలు, వీడియోలు ఇప్పుడు

ఇంతవరకు వచ్చాక ప్రచారం చాలా తేలికవుతుంది, ఏం చెప్పాలో తెలుసు కాబట్టి. "రుచికరమైన స్వచ్ఛమైన" అని అందరూ రాసేది రాయకండి. నోటుబుక్కులో కొనేవాళ్ళు అడిగిన ప్రశ్నలకి జవాబులు పెట్టండి. విమానంలో ఎలా పట్టుకెళ్ళాలి, బెల్లంవి ఎన్ని రోజుల్లో తినేయాలి, సారెకి ఎన్ని ముందు చెప్పాలి. రేకు తీసే వీడియో పెడితే ఆ చేతుల్ని దగ్గరగా చూపించండి, వాళ్ళని అడిగి పెట్టండి.

మీ తయారీలో ఉన్న బలాన్నే ప్రచారంగా చూపించడంలో తాపేశ్వరం వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు. మడత కాజాకి పేరుపడ్డ ఆ ఊరి నుంచి కొన్నేళ్ళపాటు ఖైరతాబాద్ వినాయకుడికి వేల కిలోల లడ్డూ వెళ్ళింది. దాన్ని లారీలో తీసుకెళ్తుంటే దారి పొడవునా జనం నిలబడి చూసేవాళ్ళు. డబ్బిచ్చి వేయించిన ప్రకటన కంటే ఎక్కువమంది ఆ ఊరి పేరు పలికారు. అయితే ఒక్కటి గమనించండి. అంత లడ్డూ చేయగల వంటవాళ్ళు, దించగల మనుషులు, మోయగల బండి ఉన్నాయి కాబట్టే ఆ మాట నిలబడింది. వంటిల్లు చేయలేనిది ఫొటోలో చూపించకండి.

ఫిర్యాదు వచ్చిన రోజు

ఫిర్యాదు వస్తే ఆ రోజు సాయంత్రంలోగా వంటింటికి చేరాలి. మేం ఒక ఎర్ర అట్ట పుస్తకం పెట్టాం. తేదీ, ఏ రోజు చుట్టిన పెట్టె, ఎలా పంపించాం, వాళ్ళేమన్నారు. ఎవరి తప్పో అందులో రాయం. ఆర్నెల్లయ్యాక తిరగేస్తే పగిలిన పెట్టెల్లో ఎక్కువ భాగం సాయంత్రం ఆఖరి బండికి ఇచ్చినవేనని తేలింది. అప్పట్నుంచి పొద్దున బండికే ఇస్తున్నాం. ఆ పుస్తకం లేకపోతే నేను చుట్టేవాళ్ళనే తప్పు పడుతూ ఉండేవాణ్ణి, ఏ తప్పూ చేయని మనుషుల్ని.

ఫోన్ ఎత్తే మనిషికి ఒక అధికారం ఇచ్చి ఉంచండి. పాడైన పెట్టెకి బదులు ఇంకోటి పంపిస్తామని ఎవర్నీ అడక్కుండా అప్పటికప్పుడు చెప్పగలగాలి. "మా అన్నయ్యని అడిగి చెప్తానండీ" అంటే అవతలివాళ్ళకి సగం నమ్మకం అక్కడే పోతుంది.

పండగ నుంచి వెనక్కి లెక్క

ఆఖరుగా, ఏడాదికి ఒక కాగితం రాసి వంటింట్లో అతికించండి. పండగ తేదీ పైన రాసి, అక్కడి నుంచి వెనక్కి రండి. మాది ఇలా ఉంటుంది. సంక్రాంతికి పది రోజుల ముందు కొత్త ఆర్డర్లు ఆపేయడం. మూడు వారాల ముందు పెట్టెలు, లేబుళ్ళు ఇంటికి చేరడం. నెల ముందు కిందటేడు కొన్నవాళ్ళందరికీ ఫోన్ చేసి ఈసారి ఎన్ని కావాలో అడగడం. ఇది నేనే చేస్తాను, ఒక్కొక్కరి పేరూ పెట్టి పిలిచి. ఆ ఫోన్లలో వచ్చిన అంకెని బట్టి అన్నయ్య నెయ్యికి చెప్పడం. కార్తీక మాసంలోనే రేకులు తీసేవాళ్ళతో వదిన మాట్లాడి, పండక్కి ఎవరుంటారు, ఎవరు పుట్టింటికెళ్తారు, వాళ్ళ బదులు ఎవరొస్తారు అని తేల్చుకోవడం. వర్షాకాలంలో లంకల్లోకి నీళ్ళొచ్చి దారులు మూసుకుపోయే రోజుల్లో దూరం ఆర్డర్లు తగ్గించుకోవడం.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. 2015లో ఎంత జనం వచ్చారో మనం కళ్ళారా చూశాం. ఆ పన్నెండు రోజులకి మీ కాగితం ఇప్పుడే మొదలుపెట్టండి. వచ్చేవాళ్ళెవరు, ఏ రేవుకి వస్తారు, వాళ్ళకి ఏ సైజు పెట్టె కావాలి, రోజుకి ఎన్ని చేయగలం, ఎంత నెయ్యి, ఎంత డబ్బు, ఎంతమంది మనుషులు. మా బోర్డు మీద వదిన ఇప్పటికే పై అంకె రాసేసింది. కింద నా గడి ఇంకా ఖాళీగా ఉంది, ఈ సోమవారం కూర్చున్నప్పుడు నింపాలి.